మూడో నంబరు ముఖం

అమ్మ నా జుట్టు ఇస్త్రీ చేస్తోంది. బల్ల మీద దుప్పటి మడతపెట్టి, నా తల ఒక పక్కకి ఆన్చి, జుట్టు పాయలు పాయలుగా పరిచి, పైన తడిగుడ్డ కప్పి పెట్టె నడుపుతోంది. ప్రతి ఆదివారం పొద్దున మా ఇంట్లో జరిగే పని ఇది. చెంప బల్లకి అంటుకుని ఉంటుంది కాబట్టి నాకు గోడా, గోడకి ఆనించిన చీపురూ, గుమ్మంలో తిరిగే కాళ్ళూ తప్ప ఇంకేం కనిపించవు. గుడ్డలోంచి ఆవిరి లేచినప్పుడు మెడ చుర్రుమంటుంది. కదిలితే ఇంకా చుర్రుమంటుంది.

"కదలకే. చెవి పోతే మళ్ళీ అతికించలేను," అంది అమ్మ.

"పోతే జుట్టుతో కప్పేసుకుంటాలే."

"కప్పుకోవాలంటే అది కిందికి వేలాడాలిగా. నీది ఎప్పుడు చూసినా ఆకాశం వైపు చూస్తుంది."

నేను నవ్వబోయి, పెట్టె చెవి దగ్గరికి రావడంతో ఊపిరి బిగబట్టాను.

ఆ జుట్టు నాకు అమ్మమ్మ నుంచి వచ్చింది. అమ్మమ్మ తల మీద వేలు దూరనంత బిగుతు చుట్టలు ఉంటాయి. ఒళ్ళు నిగనిగలాడే నలుపు. ముక్కు వెడల్పు. దొరలు ఏలిన రోజుల్లో ఎక్కడో సముద్రాల అవతలి ఖండం నుంచి మనుషుల్ని ఓడల్లో తెచ్చి, రేవులో బొగ్గు మోయించారు. దొరలు వెళ్ళిపోయారు. బొగ్గు ఓడలూ పోయాయి. మోసినవాళ్ళ పిల్లలూ మనవలూ మిగిలారు. కాగితాల్లో మమ్మల్ని ఓడవాళ్ళని రాస్తారు, వీధిలో బొగ్గోళ్ళంటారు. తాతయ్య మాత్రం ఈ ఊరి మనిషి. ఆయన రంగూ, ఆయన ముక్కూ, ఆయన సాఫీ జుట్టూ అమ్మకి వచ్చాయి. నా జుట్టు గురించి ఎవరైనా అడిగితే అమ్మ, "మాది కొండ ప్రాంతమండీ, అక్కడ చాలామందికి ఇలాగే ఉంటుంది," అంటుంది. అమ్మ కొండ ఎక్కడం నేనెప్పుడూ చూడలేదు.

ఇంట్లో ఉండేది మేం ముగ్గురమే. నాన్న నా చిన్నప్పుడే వేరే కాపురం పెట్టుకున్నాడు. అమ్మ దొరలు కట్టిన బడిలో టీచరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు ఆ బడి పెద్ద టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. అమ్మమ్మ గిన్నెలు తోముతూ తడి చేతులతో వెళ్ళి తలుపు తీసింది. ఆవిడ అమ్మమ్మని పైకీ కిందికీ చూసి, "మీ అమ్మగారిని పిలు," అంది. అమ్మమ్మ లోపలికి వచ్చి, వంటింట్లో ఉన్న సొంత కూతురితో, "అమ్మగారూ, మీకోసం ఎవరో వచ్చారండీ," అంది. మొదట అది తమాషాకి అన్నదేనని అమ్మమ్మ తర్వాత చెప్పింది. కానీ అమ్మ బయటికి వెళ్ళి ఆ మాట దిద్దలేదు. పదకొండేళ్ళయింది. బడి నుంచి ఎవరొచ్చినా అమ్మమ్మే టీ తెచ్చి బల్ల మీద పెట్టి, వెనక గదిలోకి వెళ్ళిపోతుంది. ఆ పూట నేను కూడా ఆమెని పిలవను.

ఆ ఆదివారం జుట్టు సగం అయ్యేసరికి వసారాలో ఫోను మోగింది. అమ్మమ్మ తీసింది. అమ్మ నేర్చుకోని, నాకు నేర్పనివ్వని ఓడవాళ్ళ పాత భాషలో ఏదో మాట్లాడింది. తర్వాత ఆమె కాళ్ళు గుమ్మం దగ్గరికి వచ్చి ఆగాయి.

"చెల్లి మంచం పట్టిందట," అంది. "ముద్ద ముట్టడం లేదట. అక్కని ఒక్కసారి చూపించండి అని ఒకటే గొడవట."

అమ్మ చెయ్యి ఆగింది. మాడిన వాసన వచ్చాక పెట్టె ఎత్తింది.

చిన్నమ్మమ్మ ఉండేది అవతలి దీవిలో. ఓడవాళ్ళు చాలామంది అక్కడే ఉంటారు. పదిహేను రోజులకొకసారి శనివారం ఓడ వెళ్తుంది. ఎక్కాలంటే ప్రయాణ కార్డు ఉండాలి. ఆ కార్డు కోసం రేవు ఆఫీసులో గురువారం ఒక్కరోజే దరఖాస్తు తీసుకుంటారు. కాగితాలు సరిగ్గా ఉంటే అక్కడికక్కడే ఇచ్చేస్తారు.

"వచ్చే శనివారమే ఓడ," అంది అమ్మమ్మ. "ఇది తప్పితే మళ్ళీ పదిహేను రోజులు. అప్పటిదాకా అది ఆగేలా లేదు."

"నేను చూసుకుంటాను అమ్మమ్మా," అన్నాను, చెంప బల్ల మీద ఉండగానే. "ఫోటో మా స్టూడియోలోనే తీయిస్తాను. ఆఫీసుకి నేనే తీసుకెళ్తాను."

"నా పిట్ట ఉండగా నాకేం," అంది అమ్మమ్మ.

*

స్టూడియోలో నా పని కంప్యూటరు ముందు కూర్చుని ముఖాలకి రంగు తియ్యడం. వెనక గోడకి దొరల బంగళా మెట్లు గీసిన తెర ఉంటుంది. దాని ముందు స్టూలు. కెమెరా అన్న ఫోటో తీసి, కవరు మీద కస్టమరు పేరు రాసి, మూలన పెన్సిలుతో చిన్న అంకె వేస్తాడు. ఒకటి అంటే ముఖం రంగు కొంచెం తేల్చాలి. రెండు అంటే బాగా తేల్చాలి. మూడు అంటే సొంత తల్లి కూడా ఒకసారి ఆగి చూసుకోవాలి. అంకె సంగతి కస్టమరుకి చెప్పం, అడగం కూడా. "అడిగితే వద్దంటారు, ఇస్తే తీసుకుంటారు," అంటాడు మా ఓనరు. అది నిజమే. ఒకాయన తన ఫోటో చూసుకుని, "బాగుందమ్మా. మరి నాదెక్కడ?" అన్నాడు. మీదేనండీ అంటే కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఇంకో ఆరు కాపీలు అడిగి తీసుకెళ్ళాడు.

ఈ పని నాకు బాగా వచ్చు. చెంపలకి ఎంత, నుదుటికి ఎంత, మెడ దగ్గర గీత పడకుండా ఎలా కలపాలి అన్నీ చేతికి వచ్చేశాయి. నాకంటే ముందు చేసినావిడ చెవులు మర్చిపోయేదట. నేను చెవులు మర్చిపోను.

సోమవారం మధ్యాహ్నం ఓనరు భోజనానికి వెళ్ళే వేళ చూసి అమ్మమ్మని రమ్మన్నాను. ఆ వేళే ఎందుకు చూశానో ఎవరూ అడగలేదు. అమ్మమ్మ ఉతికిన చీర కట్టుకుని, నడిచొచ్చిన చెమట తుడుచుకుంటూ స్టూలు మీద కూర్చుంది.

"మీవాళ్ళా చెల్లెమ్మా?" అన్నాడు కెమెరా అన్న లైటు తిప్పుతూ.

"తెలిసినవాళ్ళు," అన్నాను.

అమ్మమ్మ చీర అంచు సర్దుకుంటోంది. వినిపించిందో లేదో తెలియదు.

"నవ్వకండి మామ్మా. ఇది ఆఫీసు ఫోటో."

"నవ్వితే ఏమవుతుంది నాయనా?"

"ఓడ ఎక్కనివ్వరు."

"అయితే ఎక్కాకే నవ్వుతాలే."

అన్న పగలబడి నవ్వాడు. నవ్వుతూనే తీశాడు. కవరు నాకిచ్చాడు. దాని మీద అంకె లేదు. ఆఫీసు ఫోటోలకి అన్న అంకె వెయ్యడు. ముఖం ముఖంలా ఉండాలని ఆఫీసువాళ్ళ నియమం. అది నాకు తెలుసు. మూడేళ్ళుగా తెలుసు.

అమ్మమ్మ వెళ్ళిపోయాక ఫోటో కంప్యూటరు తెర మీద తెరిచాను. అంత పెద్దగా ఆమె ముఖాన్ని నేనెప్పుడూ చూడలేదు. నుదుటి మీద సన్నటి గీతలు, కంటి కింద మెత్తటి సంచులు, పై పెదవి మీద పుట్టుమచ్చ. చుట్టూ చూశాను. అన్న బయట టీ తాగుతున్నాడు. ముందు ఒకటి వేసి చూశాను, నలుపు గోధుమ రంగులోకి దిగింది. కొంచెం బాగుంది కదా అనిపించింది. రెండు వేశాను. అక్కడితో ఆగిపోవచ్చు. ఆగలేదు. మూడు వేశాను. తర్వాత ఎవరూ అడగకుండానే ముక్కు రెండు పక్కలా కాస్త లోపలికి నొక్కాను. చుట్టల జుట్టు చివర్లు సాపు చేశాను. చెవులు మర్చిపోలేదు.

తెర మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. మర్యాదస్తురాలు. ఏ ఇంట్లోనైనా ముందు గదిలో కూర్చోగల మనిషి. ఈవిడైతే మా అమ్మమ్మ అని ఎవరికైనా చెప్పగలను అనుకున్నాను. ఆ అనుకోవడంలో నాకు ఎంత సంతోషం కలిగిందో ఇప్పుడు రాయాలంటే చెయ్యి ఆడటం లేదు. కవరు మూలన పెన్సిలుతో నేనే మూడు వేశాను.

ఇంటికి తెచ్చి చూపిస్తే అమ్మమ్మ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది.

"మీ అమ్మకి వయసొస్తే ఇలా ఉంటుంది," అంది.

"బాగాలేదా?"

"బాగుంది. నాకే కాస్త కొత్తగా ఉంది." ఫోటో నా చేతికిచ్చింది. "కార్డు మీద ఇంత చిన్నదేగా. ఎవరు చూస్తారులే."

అమ్మ బడి నుంచి వచ్చి చూసింది. నాలుగు కాపీల్లో ఒకటి తీసి తన పర్సులో పెట్టుకుంది. పదకొండేళ్ళలో అమ్మ పర్సులో అమ్మమ్మ ఫోటో ఉండటం అదే మొదలు.

దరఖాస్తు నేనే నింపాను. అందులో జాతి అని ఒక గడి ఉంది. దొరల కాలం నుంచీ ఉంది. "ఓడవాళ్ళం అని రాయి," అంది అమ్మమ్మ, పక్కింటికి కూడా వినిపించేలా. రాశాను. మిగతా అక్షరాల కంటే చిన్నవిగా పడ్డాయి.

*

గురువారం స్టూడియోకి సెలవు పెట్టి వెళ్ళాను. రేవు ఆఫీసు పాత భవనం. కౌంటర్లు మెడ ఎత్తి మాట్లాడేంత ఎత్తులో ఉంటాయి. అమ్మమ్మ చేతిసంచిలో చెల్లెలి కోసం కొన్న తువ్వాలూ, నొప్పుల నూనె సీసా అప్పుడే సర్దేసుకుంది. లైన్లో గంటన్నర నిలబడ్డాం. నిలబడ్డంతసేపూ చెల్లెలి సంగతులే చెప్పింది. చిన్నప్పుడు చిన్నమ్మమ్మ ఎవరు తిట్టినా వెళ్ళి నీళ్ళ తొట్టి వెనక దాక్కునేదట. ఎవరు పిలిచినా వచ్చేది కాదట. అక్క పిలిస్తేనే వచ్చేదట.

కౌంటర్లో ఉన్నావిడ దరఖాస్తు చదివి, తల ఊపి, ఫోటో చూసింది. అమ్మమ్మని చూసింది. ఫోటో ఎత్తి అమ్మమ్మ ముఖం పక్కన పట్టుకుంది.

"ఏం పెద్దమ్మా, మీ అమ్మాయి ఫోటో తెచ్చారా?"

"నాదేనమ్మా."

"మీదైతే ఇంత తేడా ఏంటి? మధ్యలో సున్నం వేయించుకున్నారా?"

వెనక లైన్లో నవ్వులు. ఆవిడ పక్క బల్ల ఆయన్ని పిలిచింది. "ఇలా రండి, ఈ తమాషా చూద్దురుగాని." ఆయన వచ్చి, కళ్ళు చికిలించి, "ముక్కు కూడా వేరేదండీ," అన్నాడు. మళ్ళీ నవ్వులు. అమ్మమ్మ కూడా మర్యాదకి కొంచెం నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ముక్కు నొక్కింది ఈ చేత్తోనే. ఆ చెయ్యి కౌంటరు అంచు పట్టుకుని ఉంది.

"స్టూడియోవాళ్ళు చేశారు మేడం," అన్నాను.

"మీరు తోడొచ్చారా? ఈవిడకి ఏమవుతారు?"

జవాబు చెప్పేముందు, ఎవరు నవ్వుతున్నారో చూద్దామన్నట్టు వెనక్కి తిరిగాను. ఎందుకు తిరిగానో తెలియదు. మా వెనక మూడో మనిషిగా, చేతిలో తన కాగితాలతో, అమ్మ బడి పెద్ద టీచరమ్మ నిలబడి ఉంది. నన్ను చూసి గుర్తుపట్టి, కళ్ళతోనే పలకరించింది.

అమ్మమ్మ నావైపు చూసింది. తర్వాత నేను చూస్తున్న వైపు చూసింది. ఎంతసేపు చూసిందని అడిగితే, రెప్ప వేసి తీసేంత.

"వాళ్ళింట్లో పనిదాన్నమ్మా," అంది కౌంటరావిడతో. "పాప నాకోసం శ్రమపడి వచ్చింది."

"అయ్యో," అంది కౌంటరావిడ. ఆమె మనిషి చెడ్డది కాదు. సొరుగు లాగి ఒక కాగితం తీసింది. "రక్త సంబంధీకులు ఎవరైనా ఉంటే, ఈ ఫోటోలో ఉన్నది ఈమేనని రాసి దీని మీద సంతకం పెడితే చాలు. ఇప్పుడే కార్డు ఇచ్చేస్తాను. శనివారం ఓడ ఎక్కేయొచ్చు. కొడుకో కూతురో, మనవలో, ఎవరూ లేరా పెద్దమ్మా?"

కాగితం మీద మూడు లైన్లు అచ్చేసి ఉన్నాయి. కింద పేరుకీ బంధుత్వానికీ సంతకానికీ ఖాళీలు. కౌంటరుకి దారంతో కట్టిన పెన్ను నా వైపే ఉంది. నేను దాన్ని చూస్తున్నాను. మనవరాలిని అనే మాట ఎంత చిన్నదో నాకు తెలుసు. వెనక నుంచి పెద్ద టీచరమ్మ కట్టుకున్న చీర గంజి వాసన వస్తోంది. అమ్మ ఉద్యోగం, కొండ ప్రాంతం, పదకొండేళ్ళ టీ కప్పులు అన్నీ నా నాలుక మీదకి వచ్చి కూర్చున్నాయి. ఇదంతా ఇప్పుడు రాస్తుంటే కారణాల్లా కనిపిస్తున్నాయి. అప్పుడు నాకు కారణాలేం తోచలేదు. సిగ్గేసింది, అంతే. అమ్మమ్మని చూసి సిగ్గేసింది.

"ఉన్నారమ్మా," అంది అమ్మమ్మ. "దూరంగా ఉన్నారు."

"అయితే సరైన ఫోటో తీయించుకుని వచ్చే గురువారం రండి. వెనక్కి పంపిన దరఖాస్తు అదే రోజు మళ్ళీ తీసుకోకూడదు."

"శనివారం ఓడ?"

"ఈ ఓడ కుదరదు పెద్దమ్మా. ఆ తర్వాతి ఓడ ఎక్కండి."

కాగితం సొరుగులోకి వెళ్ళిపోయింది. మేం పక్కకి తప్పుకున్నాం. పెద్ద టీచరమ్మ నా భుజం తట్టింది. "పనివాళ్ళకోసం ఇంతసేపు నిలబడేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారమ్మా. మీ అమ్మగారి పెంపకం," అంది. నేను తల దించుకున్నాను. ఆవిడ దాన్ని అణకువ అనుకుంది.

బయట మెట్ల మీద అమ్మమ్మ ఆగి, దరఖాస్తు మడతపెట్టి సంచిలో పెట్టుకుంది. నేను ఏదో ఒకటి అనాలి.

"అమ్మమ్మా, ఆ ఫోటో..."

"ఆకలేస్తోందా?" అంది. "పొద్దున్న ఏమీ తినలేదు నువ్వు."

రోడ్డు దాటించి ఒక బన్ను కొనిపెట్టింది. తినేదాకా నా పక్కనే నిలబడింది. ఆఫీసుకి ఎదురుగా, గొడుగు కింద ఒకతను కెమెరా పెట్టుకుని కూర్చున్నాడు. వెనక తెర లేదు, తెల్ల గోడే. పది నిమిషాల్లో ఫోటో ఇస్తానని బోర్డు రాసి ఉంది.

"నువ్వు పనికి వెళ్ళు," అంది అమ్మమ్మ అటు చూస్తూ. "మధ్యాహ్నమైనా వెళ్తే ఓనరు ఊరుకుంటాడు."

"నేనూ ఉంటాను. ఫోటో తీయించి..."

"నాకు దారి తెలుసులే."

కోపంగా అనలేదు. అలా అని ఉంటే బాగుండేది. పక్కింటావిడ సంచి మోస్తానంటే వద్దన్నట్టు అంది. నేను బస్సెక్కి కిటికీలోంచి చూశాను. ఆమె గొడుగు కింద కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది.

*

శనివారం ఓడ వెళ్ళిపోయింది. మా వీధికి రేవు దూరం, అయినా కూత వినిపిస్తుంది. అమ్మమ్మ ఆ వేళకి బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. కూత ఆగేదాకా చేతులు ఆపి, మళ్ళీ మొదలుపెట్టింది.

అమ్మకి సగమే చెప్పాను. ఫోటో నప్పలేదన్నారు, మళ్ళీ రమ్మన్నారు అన్నాను. సంతకం సంగతి చెప్పలేదు. పెద్ద టీచరమ్మ కనిపించిందనీ, అమ్మమ్మే పనిదాన్నని చెప్పి గట్టెక్కించిందనీ చెప్పాను. అమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకుని, "బతికించింది," అంది.

మరుసటి గురువారం అమ్మమ్మ ఒక్కతే వెళ్ళి కార్డు తెచ్చుకుంది. నాకు చూపించలేదు. దాచనూ లేదు. అటక కింద సంచి మీద పెట్టింది. అమ్మమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు తీసి చూశాను. ఉన్నది ఉన్నట్టుగా ఉంది ముఖం. పుట్టుమచ్చ, సంచులు, వెడల్పు ముక్కు, చుట్టల జుట్టు. కళ్ళు మాత్రం నేరుగా నన్నే చూస్తున్నాయి. ఎక్కువసేపు పట్టుకోలేక పెట్టేశాను.

ఆ వారం స్టూడియోలో నాకు చెయ్యి ఆడలేదు. రెండు వెయ్యాల్సిన చోట ఒకటితో ఆపేస్తున్నాను. ఒకావిడ కొడుకు ఫోటో తెచ్చి బల్ల మీద కొట్టి, "వీణ్ణి నేనే కన్నాను, నాకే భయమేస్తోంది. ఇలా ఎవరైనా ఇస్తారా?" అంది. ఓనరు నన్ను కేకలేశాడు. నేను కూర్చుని ఆ పిల్లాడికి మూడు వేసి ఇచ్చాను. ఆవిడ సంతోషంగా వెళ్ళిపోయింది. ఏదో తేలినట్టు, ఏదో మారినట్టు రాయాలనుంది. ఏమీ మారలేదు. ఓనరుకి సారీ చెప్పి, మిగిలిన కవర్లు ముందుకి లాక్కున్నాను.

సోమవారం సాయంత్రం ఫోను వచ్చింది. అమ్మమ్మే తీసింది. విని, పెట్టేసి, వచ్చి వంటింటి గోడకి ఆనుకుని కూర్చుంది.

"పొద్దున్నే పోయిందట," అంది.

అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకుంది. అమ్మమ్మ, "నిన్నటిదాకా అడుగుతూనే ఉందట. ఓడ వచ్చిందా, అక్క వస్తోందా అని," అంది. అంతే. ఆమె ఏడుపు కూడా చప్పుడు లేకుండా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

రాత్రి అన్నాలకి కూర్చున్నప్పుడు నేను మళ్ళీ, "అమ్మమ్మా, ఆ రోజు కౌంటరు దగ్గర నేను..." అన్నాను.

"తిను. చల్లారిపోతోంది."

మంగళ, బుధ, గురు, శుక్ర. ఎప్పటిలాగే లేచింది. టీ పెట్టింది, గిన్నెలు తోమింది, నా లంచ్ డబ్బా సర్దింది. నన్ను పిట్టా అని మాత్రం పిలవలేదు. పని ఉంటే, "ఇదిగో," అనేది.

శనివారం అమ్మకి ఒంటిపూట బడి. మధ్యాహ్నం రెండింటికి వచ్చింది, చేతిలో పెద్ద కవరుతో. నేను ముందు గదిలో ఉన్నాను. ఓడ నాలుగింటికి. చెల్లెలు పోయాక అమ్మమ్మ ఇంక వెళ్ళదనే అమ్మ అనుకుంది. నేనూ అలాగే అనుకోవాలని చూశాను. వెనక గదిలో ఏవో కదుపుతున్న చప్పుడు అవుతోంది.

"పెద్ద టీచరమ్మ నిన్ను తెగ మెచ్చుకుందే," అంది అమ్మ చెప్పులు విప్పుతూ. చాలా రోజుల తర్వాత ముఖం విప్పారి ఉంది. "స్టాఫ్ రూములో అందరి ముందూ చెప్పింది. వీళ్ళమ్మాయి పనామెకోసం గంటలకొద్దీ లైన్లో నిలబడింది, చూసి నేర్చుకోవాలి అని. ఇదిగో, ఇవి కూడా ఇచ్చింది."

కవరులోంచి పాత బట్టలు తీసి బల్ల మీద పెట్టింది. రెండు చీరలు, ఒక బూడిద రంగు స్వెట్టరు.

"పనామెకి ఇవ్వమంది. ఏం చెయ్యను, వద్దనలేనుగా," అంది. స్వెట్టరు విప్పి చేతులు పట్టి చూసింది. "గుండీలు కూడా ఊడలేదు. కొత్తదానిలాగే ఉంది."

నేను ఆ చీరల్ని బల్ల చివరికి జరిపాను.

"ఆ రోజు నువ్వు నోరు జారి ఉంటే ఏమయ్యేదో. మంచి పని చేశావు."

"అది మంచి పని కాదమ్మా," అన్నాను. "నేను సంతకం పెడితే చాలన్నారు. మనవరాలినని ఒక్క మాట రాసి సంతకం పెడితే ఆ రోజే కార్డు ఇస్తామన్నారు. పెన్ను నా ముందే ఉంది. నేను పెట్టలేదు. పెట్టి ఉంటే అమ్మమ్మ ఆ ఓడలోనే వెళ్ళేది. చిన్నమ్మమ్మని చూసేది."

అమ్మ చేతుల్లో స్వెట్టరు అలాగే ఉండిపోయింది. నా వైపు చూసింది. వెనక గది వైపు చూసింది. మళ్ళీ నా వైపు చూసి, "కాస్త మెల్లిగా మాట్లాడు," అంది.

కదులుతున్న చప్పుడు ఆగింది. అమ్మమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని ఉంది. ఒక చేతిలో సంచి, రెండో చేతిలో బట్టల మూట. కార్డు జాకెట్టులో దోపుకుంది, అంచు కనిపిస్తోంది.

"అమ్మా, ఇప్పుడెళ్ళి ఏం చేస్తావ్?" అంది అమ్మ. "ఎన్నాళ్ళుంటావ్? అన్నమైనా తిని వెళ్ళు." స్వెట్టరు ఎక్కడ పెట్టాలో తెలియక, వీపు వెనక్కి పెట్టుకుంది.

అమ్మమ్మ అమ్మ దగ్గరికి వచ్చి ఆమె చెంపలు రెండు చేతులా నిమిరి మెటికలు విరిచింది. బల్ల మీది చీరల వైపు చూడలేదు. నేను లేచి ఆమె చేతిలోంచి సంచి అందుకున్నాను.

"నేను వస్తాను," అన్నాను. "రేవుదాకా వస్తాను. ఓడ దగ్గర అందరి ముందూ చెప్తాను అమ్మమ్మా. ఎవరడిగినా చెప్తాను."

ఆమె నా ముఖం చూసింది. ఆ చూపులో కోపం ఉందేమోనని వెతికాను. అలసటే ఉంది. సంచి పట్టుకున్న నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, సంచి తన భుజానికి తగిలించుకుంది. వాకిట్లో చెప్పులు వేసుకుంది. ఎడమ చెప్పు పట్టీ సరిగ్గా పడలేదు, వంగి సర్దుకుంది. మూట చంకలో పెట్టుకుని, గేటు తీసి, మళ్ళీ గడియ పెట్టి, రేవు వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయింది.